అప్‌డేట్: ఫిజోవా మొక్క పూస్తోంది గానీ కాయడం లేదు (పరిష్కారమైంది)

ఆక్లాండ్‌లో మా పెరటి ఫిజోవా (జామ కుటుంబానికి చెందిన పండ్ల పొద) విరగబూసి పిందె నిలవడం లేదని, నిలిచిన ఒకటి రెండూ గోలీకాయలంతే ఉంటున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఈసారి కాయలు బాగా వచ్చాయి.

లోపం పరాగసంపర్కంలో ఉంది. నర్సరీ ఆయన కొమ్మ చూసి, ఇది ట్రయంఫ్ రకమని, దగ్గరలో వేరే రకం ఉండాలని చెప్పారు. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వేల నుంచి వచ్చిన ఈ పొద చాలా రకాల్లో సొంత పుప్పొడితో సరిగా కాయదట. మామత్ రకం మొక్క తెచ్చి నాటాము. అది పూతకొచ్చేలోగా పక్కింటివారి చెట్టు పూలు అడిగి తెచ్చాను. ఆ పూల ఎర్రటి కేసరాల కొసన పసుపు రంగు పుప్పొడి రాలుతున్నప్పుడు, వాటిని మా పువ్వు మధ్యలో అన్నిటికన్నా పొడుగ్గా నిలిచిన కీలం కొసకు మెల్లగా రుద్దాలి. అలా రుద్దిన కొమ్మలే కాయలతో వంగాయి!

ఎరువు మార్చడం, సున్నం చల్లడం మా విషయంలో అక్కర్లేని పనులు. పూరేకులు తినే పిట్టలను తరమమన్న సలహా మాత్రం పాటించకండి. పుప్పొడి మోసేది ముఖ్యంగా అవే. తియ్యటి ఆ రేకులు మనమూ తినవచ్చు.

కాయ కోయకండి, పండితే తానే రాలుతుంది. ఏరి, సగానికి కోసి, చెంచాతో గుజ్జు తీసుకోవాలి. గట్టి కాయలతో పచ్చిమిర్చి వేసి చేసిన పచ్చడి మా ఇంట్లో అందరికీ నచ్చింది.