సంబంధాల పాఠం బడిలో చెబితే దెబ్బలు ఆగుతాయా?

ఇద్దరు పిల్లల తండ్రి:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. "ఆరోగ్యకరమైన సంబంధాలు" మీద వచ్చే నెల నుంచి క్లాసులు పెడతామని బడి నుంచి కాగితం వచ్చింది. నాకు నచ్చలేదు. ఈ వయసులో ప్రేమ గురించి క్లాసంటే లేని ఆలోచన రేపడమే. అయినా మనిషిని కొట్టడం తప్పని ఏ పిల్లలకి తెలియదు? ఇది ఇంట్లో చెప్పుకునే విషయం. మీరేమంటారు?

హైస్కూల్ టీచర్:
కొట్టడం తప్పని అందరికీ తెలుసండీ. దానికి ముందు జరిగేదే తెలియదు. ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టమనడం, ఫలానా వాళ్లతో మాట్లాడొద్దనడం, జవాబు కాస్త ఆలస్యమైతే వరసపెట్టి మెసేజ్‌లు. క్లాసులో ఇవి చెబితే "అబ్బ, ఎంత ప్రేమో" అనేవాళ్లే ఎక్కువ.

లేని ఆలోచన అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వేసిన అంచనా ప్రకారం, పెళ్లో ప్రేమో ఏదో ఒక సంబంధంలో ఉన్న టీనేజీ అమ్మాయిల్లో 24 శాతం మంది ఇరవయ్యేళ్లు నిండేలోపే భాగస్వామి చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవిస్తున్నారు. మన క్లాసు కోసం ఎవరూ ఆగలేదు.

లెక్క అడిగే మనిషి:
సమస్య ఉందని ఒప్పుకుంటాను. క్లాసుతో తగ్గుతుందా అన్నదే నా గొడవ. కెనడాలోని అంటారియోలో "ఫోర్త్ ఆర్" అనే ఇలాంటి సంబంధాల పాఠాల కార్యక్రమాన్ని 20 బడుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 21 పాఠాలు. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే, తాము ప్రేమించేవాళ్ల మీద చెయ్యి చేసుకున్నామన్నవాళ్లు మామూలు బడుల్లో 9.8 శాతం, పాఠాలు చెప్పిన బడుల్లో 7.4 శాతం. ఆ తగ్గుదల కూడా అబ్బాయిల్లోనే (మామూలు బడుల్లో 7.1 శాతం, పాఠాలు చెప్పిన బడుల్లో 2.7). అమ్మాయిల్లో దాదాపు తేడా లేదు.

అంటే 21 పాఠాలు చెబితే ఈ మాత్రం. మన బడుల్లో జరిగేది ఒక గంట ఉపన్యాసం, ఒక పోస్టరు, చివర ఒక ఫొటో. దాంతో పిల్లలు పరీక్షలో సరైన జవాబు రాస్తారు, అంతే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది న్యూయార్క్ నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లలతో చేసిన "షిఫ్టింగ్ బౌండరీస్" అధ్యయనం. కొన్ని బడుల్లో పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నింటిలో పిల్లల చేతే బడి పటం గీయించి, ఎక్కడ భయంగా ఉంటుందో గుర్తు పెట్టించి, ఆ మెట్ల దగ్గర, ఆ వరండాల్లో పెద్దవాళ్లను ఉంచారు. మరికొన్నింటిలో రెండూ చేశారు. ఉత్త పాఠాలతో ఫలితం రాలేదు. కాపలా మార్చిన చోట వచ్చింది.

ఇద్దరు పిల్లల తండ్రి:
చూశారా, నేనన్నదీ అదే. క్లాసు దండగ.

లెక్క అడిగే మనిషి:
కాదండీ, నా మాట మీ వైపు లాక్కోకండి. ఒట్టి క్లాసు దండగ అన్నాను. ఇంట్లో చెబుతామంటున్నారు, ఎంతమంది ఇళ్లలో చెబుతున్నారు? ఇంట్లోనే దెబ్బలు చూస్తూ పెరిగే పిల్లలకి ఎవరు చెబుతారు?

కాలేజీ కుర్రాడు:
మాకూ ఇలాంటి క్లాసు జరిగింది. కొట్టొద్దు, వెంటపడొద్దు అన్నారు. అవతలి మనిషి "ఇక వద్దు" అన్న సాయంత్రం ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. ఫోన్ పక్కన పెట్టి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ కోపం, ఆ అవమానం ఎక్కడ దించుకోవాలి? చెప్పాల్సింది అది. "నువ్వెళ్తే చచ్చిపోతా" అని ఎవరైనా బెదిరిస్తే, ఆ మాటకి కట్టుబడి ఉండిపోనక్కర్లేదని, వెంటనే ఒక పెద్దవాళ్లకి చెప్పాలని కూడా.

కౌన్సెలర్:
ఆ కుర్రాడి మాట బంగారం. నేను ఇంకొకటి కలుపుతా. పిల్లలు ఇలాంటివి ముందు చెప్పేది స్నేహితులకి, మనకి కాదు. కాబట్టి పాఠం ఆ స్నేహితులకి కావాలి: నలుగురికీ చెప్పేయకు, నువ్వే వెళ్లి నిలదీయకు, నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి తోడుగా వెళ్లు.

తండ్రిగారూ, రేపు మీ అమ్మాయే మీకు చెబితే మొదట చేయకూడని పని ఫోన్ లాక్కోవడం. శిక్ష తనకే పడిందనుకుంటుంది, మళ్లీ నోరు విప్పదు. "ఇప్పుడే మెసేజ్ పెట్టి తెంచెయ్" అనడం కూడా తొందరే. ప్రమాదం ఎక్కువగా పెరిగేది విడిపోయే సమయంలోనే. ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఆ తర్వాత ఎవరు తోడుంటారు అన్నది ముందే అనుకోవాలి. బెదిరింపు మెసేజ్‌లు చెరిపేయనివ్వకండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
నిజం చెప్పాలంటే నేను లాక్కునేవాణ్నే. క్లాసు మీద నా అనుమానం పోలేదు. కానీ తల్లిదండ్రుల మీటింగ్‌కి వెళ్తాను. అక్కడ ఏం అడగమంటారు?

హైస్కూల్ టీచర్:
ఎన్ని వారాలు చెబుతారు, చెప్పేవాళ్లకి శిక్షణ ఉందా అని అడగండి. ముఖ్యంగా, క్లాసు విన్న మర్నాడు ఒక పిల్ల వచ్చి "నాకూ ఇలా జరుగుతోంది" అంటే ఎవరి గదికి వెళ్లాలి, అక్కడి మనిషి ఏం చేస్తారు అని అడగండి. దానికి జవాబు లేకపోతే, అది సిద్ధమయ్యేదాకా క్లాసు వాయిదా వేయమని మీతోపాటు నేనూ అంటాను.