ప్రొడక్ట్ డిజైన్ నుంచి ఇలస్ట్రేషన్, సర్ఫేస్ డిజైన్‌కి మారడం: విశాఖలో ఉంటూనే కుదురుతుందా?

రుషికొండ_గవ్వ:
రుషికొండలో ఆరేళ్లుగా యాప్‌లకి ప్రొడక్ట్ డిజైనర్ని. ఏడాదిన్నరలో బట్టలు, గిఫ్ట్ ర్యాప్, వాల్‌పేపర్‌లకి ప్యాటర్న్‌లు చేసే పనిలోకి మారాలని ఉంది. ఇప్పటికి పద్నాలుగు చేశాను, అన్నీ ఫిగ్మాలోనే (యాప్ స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్). రెండు ఇబ్బందులున్నాయి. టైల్స్ (ప్యాటర్న్‌లో మళ్లీ మళ్లీ వచ్చే చదరపు ముక్కలు) పక్కపక్కన పెడితే వాటి మధ్య జుట్టంత సన్నని తెల్ల గీత వస్తోంది. బట్ట మీద మాకప్ (తయారైతే ఎలా ఉంటుందో చూపే నమూనా) వేసి చూస్తే యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లాగే ఉంది. ఇంకో రెండు ప్రశ్నలు: ఏటికొప్పాక లక్క బొమ్మల్ని మోటిఫ్‌లుగా (ప్యాటర్న్‌లో పదేపదే వచ్చే ఆకారాలుగా) వాడొచ్చా? ఉద్యోగంలో ఉండగానే ప్రింట్లు అమ్మొచ్చా?

మగ్గంగుంట:
ముందు ఆ తెల్ల గీత సంగతి చూద్దాం. టైల్‌ని సెంటీమీటర్లలో పెట్టి ఉంటారు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 32 సెం.మీ. అంటే 3779.53 పిక్సెళ్లు. అర పిక్సెల్ అంటూ ఏదీ ఉండదు కాబట్టి అంచు పిక్సెల్ సగం పారదర్శకంగా మారుతుంది. రెండు టైల్స్ కలిసే చోట అదే తెల్లగా కనబడుతుంది. కొలత పిక్సెళ్లలోనే పెట్టండి: 3780 × 3780. సరి సంఖ్య కాబట్టి సగం 1890కి కూడా భిన్నం రాదు. బ్యాక్‌గ్రౌండ్ రంగు టైల్ అంచులు దాటి బయటికి పోయేలా వేయండి, సరిగ్గా అంచు దగ్గర ఆపకండి.

32 ఎందుకంటే, తిరిగే సిలిండర్‌తో బట్ట మీద అచ్చు వేసే రోటరీ స్క్రీన్ ప్రింటింగ్‌లో సిలిండర్ చుట్టుకొలత చాలా మిల్లుల్లో 64 సెం.మీ. నిలువు రిపీట్ (డిజైన్ మళ్లీ మొదలయ్యే దూరం) దాన్ని శేషం లేకుండా భాగించాలి: 64, 32, 16 అలా. 25 సెం.మీ. టైల్ తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. మిల్లుని బట్టి కొంచెం తేడా ఉండొచ్చు, ముందే అడగండి. డిజిటల్ ప్రింట్‌కి ఈ బాధ లేదు.

టైల్స్ కలిసే కుట్టు కనబడకుండా ఉండాలంటే ఫొటోషాప్ మెనూలో ఫిల్టర్, అదర్, ఆఫ్‌సెట్. అడ్డంగా 1890, నిలువుగా 1890 ఇచ్చి, ర్యాప్ అరౌండ్ ఎంచుకోండి. అంచులు మధ్యలోకి వచ్చి శిలువలా కనబడతాయి. ఆ శిలువ మీద మోటిఫ్‌లు గీసి కప్పేయండి. హాఫ్-డ్రాప్ (పక్క వరస సగం కిందికి జరిగి వచ్చే అమరిక) కావాలంటే కాన్వాస్‌ని 7560 వెడల్పు చేసి, రెండో కాపీని 1890 కిందికి జరిపి, కిందికి పోయిన ముక్కని పైన అతికించాలి. ఈ రెట్టింపు వెడల్పు టైల్‌ని మామూలు రిపీట్‌గానే ఇవ్వొచ్చు.

ఫిగ్మా గీయడానికి ఫర్వాలేదు గాని ప్రింట్ ఫైల్‌కి పనికిరాదు. సీఎంవైకే (ప్రింట్‌కి వాడే నాలుగు సిరాల రంగు పద్ధతి) లేదు, స్పాట్ కలర్ (ముందే కలిపి పెట్టిన విడి రంగు) లేదు. స్క్రీన్ ప్రింట్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్, ఖర్చంతా అక్కడే. మీరు ఆరు రంగులనుకున్న ఫైల్‌లో అంచులు నునుపు చేసే యాంటీ-ఏలియాసింగ్ వల్ల వందల మధ్య ఛాయలు ఉంటాయి. సెపరేషన్ చేసేవాడు, అంటే స్క్రీన్ల కోసం రంగులు విడదీసేవాడు, తల పట్టుకుంటాడు. అందుకే ఒక్కో రంగుని ఒక్కో లేయర్‌లో, గట్టి అంచుతో ఉంచండి. లేత రంగుని ముదురు రంగు కిందికి కాస్త చొప్పించండి. లేకపోతే స్క్రీన్ కొంచెం జరిగినా సందులో బట్ట రంగు తొంగిచూస్తుంది. కాటన్ కోసం రంగు చెప్పాలంటే ప్యాంటోన్ టీసీఎక్స్ (కాటన్ బట్ట మీది రంగు నమూనాల) నంబర్లు ఇవ్వండి, కోటెడ్ కాగితం నంబర్లు కాదు.

కొంగు_అంచు:
పైన చెప్పినదంతా నిజమే. కానీ ఫైల్ ఎంత శుభ్రంగా ఉన్నా రెండో సమస్య తీరదు. మీ కన్నింకా గ్రిడ్‌లోనే ఉంది. ఐకాన్‌లలాగా అన్ని మోటిఫ్‌లూ ఒకే సైజు, ఒకే గీత మందం, మధ్యలో సమానమైన ఖాళీ. అలాంటివి గజాల కొద్దీ పరిచినప్పుడు ఖాళీలన్నీ కలిసి కాలిబాటల్లా వరస కడతాయి. బట్ట మీద కంటికి ముందు ఆ బాటలే ఆనుతాయి, పువ్వు తర్వాత. 3 × 3 టైల్స్ పరిచి, గది అవతలి నుంచి కళ్లు సగం మూసి చూడండి. గీతలు కనబడితే మోటిఫ్ తిప్పాలి, లేదా ఖాళీ నింపే చిన్న ఫిల్లర్ పెట్టాలి. పెద్ద, మధ్య, చిన్న అని మూడు సైజులు ఉండాలి.

డ్రెస్ మెటీరియల్ అయితే మోటిఫ్‌లన్నీ నిటారుగా నిలబెట్టకండి. ఒకే దిక్కు ప్రింట్‌ని కత్తిరించేటప్పుడు ముక్కలన్నీ ఒకే వైపు పెట్టాలి, గుడ్డ ఎక్కువ పోతుంది. అన్ని దిక్కులకీ చెల్లాచెదురుగా వేసిందే కొనేవాళ్లకి గిట్టుబాటు.

చీర వేరే లెక్క. దానికి రిపీట్ ఒక్కటే చాలదు. సుమారు 5.5 మీటర్ల పొడవులో అంచు, ఒళ్లు, కొంగు మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి, అంచు కొంగు దగ్గర మూల ఎలా తిరుగుతుందో కూడా గీసి చూపించాలి. మన ఊళ్లో పని అడిగేవాళ్లలో చీరలవాళ్లు తప్పకుండా ఉంటారు, ఒక్కటైనా చేసి ఉంచుకోండి.

పోర్ట్‌ఫోలియోలో పద్నాలుగు విడి ప్యాటర్న్‌ల కన్నా రెండు కలెక్షన్లు నయం. ఒక్కోదాంట్లో ఒక ముఖ్యమైన ప్రింట్, దానికి తోడుగా రెండు మూడు, దూరం నుంచి ఒకే రంగులా కనబడే బ్లెండర్‌లు రెండు, అన్నీ ఒకే పాలెట్‌లో. ముఖ్యమైనదానికి ఇంకో కలర్‌వే, అంటే అదే డిజైన్ వేరే రంగుల్లో. మాకప్‌కి ముందు ద్వారకానగర్‌లో ఏదో ఒక జిరాక్స్ షాపులో ఏ3 మీద నూటికి నూరు శాతం సైజులో ప్రింట్ తీసి ఒంటి మీద పెట్టుకుని అద్దంలో చూడండి. స్క్రీన్ మీద ముద్దుగా ఉన్న 9 సెం.మీ. చేప పిల్లల గౌనులో తిమింగలమైపోతుంది.

పట్టా_పుస్తకం:
హక్కుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదే (1957 చట్టం, సెక్షన్ 17). ప్యాటర్న్‌లు మీ డ్యూటీ కాదు, కానీ చాలా కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్ ఇంతకన్నా వెడల్పుగా రాసి ఉంటుంది, బయటి ఆదాయం మీద నిషేధం కూడా ఉంటుంది. అది చదివి, హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో అనుమతి తెచ్చుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోకండి.

అంతకన్నా పెద్ద గుంత సెక్షన్ 15(2). డిజైన్స్ చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, మీరు గాని మీ లైసెన్సు తీసుకున్నవాళ్లు గాని పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుల మీద వేస్తే, ఆ డిజైన్‌కి కాపీరైట్ పోతుంది. బట్ట ప్రింట్‌కి 50 అంటే ఒక పూట పని. రిజిస్టర్ చేస్తే పదేళ్లు, ఆపైన ఇంకో అయిదేళ్లు పొడిగింపు. కానీ దరఖాస్తు కన్నా ముందే ఇన్‌స్టాలో పెడితే కొత్తదనం పోయినట్టే. అన్నిటికీ కాదు, బాగా అమ్ముడుపోతాయనుకున్న వాటికి చేయించండి.

లైసెన్సులో ఏ వస్తువు, ఎన్నేళ్లు, ఏ దేశాలు అని రాయించుకోండి. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ అనుకుంటుంది.

ఏటికొప్పాకకి 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. జీఐ కాపాడేది ఆ పేరుని, కాబట్టి మీ ప్రింట్‌కి ‘ఏటికొప్పాక’ అని పేరు పెట్టి అమ్మకండి. బొమ్మని బొమ్మలా గీసేస్తే టూరిస్టు టీషర్టు అవుతుంది. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క పట్టీలు పట్టీలుగా ఎక్కుతుంది చూశారా, ఆ పట్టీల వెడల్పులు, ఒక రంగు పక్కన ఇంకో రంగు ఆగే చోటు, అది తీసుకోండి. అందులో ప్రింట్ ఉంది.

రుషికొండ_గవ్వ:
3780కి మార్చాను, గీత పోయింది. కొంగు_అంచు గారూ, గీత మందం మారాలంటే చేత్తో వేయడమే మేలా? వాటర్‌కలర్ వేస్తే కాగితం అలల్లా లేస్తోంది.

కొంగు_అంచు:
మేలే. 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం వాడి, నాలుగు వైపులా గమ్ టేపుతో బోర్డుకి అతికించి వేయండి. మన సముద్రపు తేమకి కాగితం మీది సైజింగ్ (నీళ్లు వెంటనే పీల్చకుండా ఆపే పూత) చెడుతుంది, అప్పుడు రంగు బ్లాటింగ్ పేపర్ మీద సిరాలా పీల్చుకుపోయి మచ్చలు పడుతుంది. మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. మోటిఫ్‌లు విడివిడిగా వేసి 600 డీపీఐలో స్కాన్ చేయండి, రిపీట్ కంప్యూటర్‌లో కట్టుకోవచ్చు. ఒకే కాగితం మీద మొత్తం లేఔట్ వేస్తే ఒక్క ఆకు జరపడానికి కూడా మళ్లీ వేయాల్సి వస్తుంది.