కరెంటు బిల్లు యాప్‌లో పెద్దవాళ్లకు వేరే స్క్రీన్ పెట్టాలా?

కడప, యాప్ డిజైనర్:
మా టీమ్ కరెంటు బిల్లు కట్టే యాప్ ఒకటి తయారుచేస్తోంది. అరవై దాటినవాళ్లకు 'సీనియర్ మోడ్' అని వేరే స్క్రీన్ పెడదామని నా పట్టు. నాలుగు పెద్ద బటన్లు ఉంచి మిగతావన్నీ దాచేయడం. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో:
నేను వద్దంటాను అన్నా. మా నాయన ఊళ్లో ఒక్కరే ఉంటారు. ఎక్కడైనా ఆగిపోతే ఫోన్‌లో దారి చెప్పాల్సింది నేనే. ఆయన స్క్రీన్ నా స్క్రీన్‌లా లేకపోతే "కింద కుడివైపు చూడు నాయనా" అని ఎలా చెప్పేది?

ఆయన ఫోన్ వాడుతున్నప్పుడు పక్కన కూర్చుని చూస్తే చూపు ఒక్కటే సమస్య కాదని తెలుస్తుంది. బటన్ మీద వేలు ఆనిస్తే పని అయ్యేదాకా తీయరు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది. కంగారుపడి వెనక్కొచ్చేస్తారు. ఎంతసేపు నొక్కితే లాంగ్ ప్రెస్ అవుతుందో ఆ సమయాన్ని ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో (చూపు, చేతి ఇబ్బందులున్నవాళ్ల కోసం ఉండే సెట్టింగ్స్) పెంచుకోవచ్చు, కానీ అక్కడిదాకా ఎవరు పోతారు? ఓటీపీ కోసం మెసేజ్‌లోకి పోయి, అంకెలు కాగితం మీద రాసుకుని తిరిగొచ్చేసరికి యాప్ మళ్లీ మొదటికొస్తుంది. దీనికి పెద్ద బటన్లు ఏం చేస్తాయి?

అక్షరాల సైజు ఆయన ఫోన్‌లో ఎప్పుడో పెంచాం. అప్పటినుంచి కొన్ని యాప్‌లలో 'చెల్లించండి' బటన్ కిందికి జారి కనపడదు. అక్షరాలు రెండింతలు చేసినా ఏదీ మాయం కాకూడదు, అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5:1 ఉండాలి అని వెబ్ ప్రమాణాలు (డబ్ల్యూసీఏజీ) చెప్తూనే ఉన్నాయి. నొక్కే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్) ఉండాలని ఆండ్రాయిడ్ చెప్తోంది. ముందు ఇవి అందరి స్క్రీన్‌లో చేయండి.

కర్నూలు:
తమ్ముడూ, మీ నాయనగారు అంకెలైనా రాసుకుంటారు. మా అమ్మ చదువుకోలేదు. ఆమెకు అక్షరం ఎంత పెద్దగా ఉన్నా ఒకటే. ఫోటో నొక్కితే కాల్ పోవాలి, మైకు నొక్కి మాట్లాడితే పని కావాలి. అందరికీ ఒకే స్క్రీన్ అంటే చివరికి అది చదువుకున్నవాళ్ల స్క్రీనే అవుతుంది. మామూలు బటన్ ఫోన్ల కోసం 2022లో యూపీఐ 123పే అని వేరే దారి తెచ్చారు కదా, కాల్ చేసి డబ్బు పంపొచ్చు. ఇక్కడెందుకు వద్దు?

అనంతపురం:
అక్కా, అమ్మగారి ఇబ్బంది నిజమే. కానీ చదవకుండా వాడే దారి ముప్పై ఏళ్ల కూలీకీ కావాలి. దాన్ని 'సీనియర్ మోడ్' లోపల దాచిపెడితే ఆ మనిషికి ఎలా దొరుకుతుంది? మైకు మొదటి స్క్రీన్‌లోనే పెట్టమనండి.

కడప, యాప్ డిజైనర్:
మైకు పెడతాం, లాంగ్ ప్రెస్ తీసేస్తాం. వేరే స్క్రీన్ సంగతి మాత్రం ఇంకా వదల్లేదు. ముందు ఫోన్‌లో ఫాంట్ చివరిదాకా పెంచి మా యాప్ తెరిచి చూస్తాను, ఏ బటన్ ఎక్కడికి పోతుందో ఇక్కడే చెప్తాను.