చెంచు పిల్లలకు తెడ్డు వేయడం నేర్పాలనుకుంటున్నాం, ముందుండి నడిపేది ఎవరైతే బాగుంటుంది?

అడిగినవారు: ఆత్మకూరు పిల్లోడు

అందరికీ నమస్తే. మేం నలుగురం నల్లమల గూడేల్లో సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్తుంటాం, రిజిస్ట్రేషన్ అయ్యి రెండేళ్ళే అయిన చిన్న సంస్థ మాది. మొన్న క్లామత్ నది గురించి చూశాను, అప్పటి నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. అమెరికాలో ఆ నది మీదున్న నాలుగు డ్యాములు 2024లో పూర్తిగా తీసేశారంట. 2025 జూన్‌లో అక్కడి ఆదివాసీ పిల్లలు కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు ఎక్కి, నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా 310 మైళ్ళు, అంటే దాదాపు 500 కిలోమీటర్లు, నెల రోజుల్లో వెళ్ళిపోయారు. మనకు కృష్ణ పక్కనే ఉంది, గూడేలూ ఉన్నాయి. కానీ మా పిల్లల్లో చాలామంది నీళ్ళను బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళే. శ్రీశైలం డ్యాము వెనక నీళ్ళున్న సంగమేశ్వరం దగ్గర పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) మీద మొదలుపెట్టి, తర్వాత దాతలు దొరికితే కయాక్‌లు కొందామని ఆలోచన. మా నలుగురిలో ఒక్కరూ చెంచు కాదు, నీళ్ళ పని తెలిసినవాళ్ళూ లేరు. హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ని పిలిపించి ఆయన్నే లీడర్‌గా పెడితే సరిపోతుందా?

జవాబు: పోర్ట్‌లాండ్‌లో ప్రొద్దుటూరోడు

తమ్ముడూ, నేనుండేది ఆ నది మొదలయ్యే రాష్ట్రంలోనే. నువ్వు చూసింది చివరి నెల మాత్రమే. ఆ పిల్లల్ని సిద్ధం చేసిన కార్యక్రమం పేరు పాడిల్ ట్రైబల్ వాటర్స్, రియోస్ టు రివర్స్ అనే సంస్థ 2022లో మొదలుపెట్టింది. నది పక్కనే పుట్టినా అంతకుముందు కయాక్ ఎక్కని పిల్లలు అందులో చాలామంది ఉన్నారు. పడవ తిరగబడితే నీళ్ళలోనే మళ్ళీ నిలబెట్టుకోవడం దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు.

దానికంటే ముఖ్యమైన సంగతి, సంస్థ రాకముందే అక్కడ పోరాటం ఉంది. 2002లో ఆ నది కింది భాగంలో వేల కొద్దీ సాల్మన్ చేపలు చచ్చి తేలాయి, యూరోక్, కారుక్, హూపా, క్లామత్ తెగల పెద్దలు డ్యాములు తీసేయాలని రెండు దశాబ్దాలు తిరిగారు. ఆ ఇళ్ళ పిల్లలే పడవ ఎక్కారు కాబట్టి ఎందుకు ఎక్కుతున్నామో వాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. సంస్థను నడిపించేవాళ్ళలో ఆ తెగల యువత కూడా ఉన్నారు. ట్రైనర్ తెడ్డు నేర్పుతాడు, అంతవరకే. ఆయన్నే లీడర్ అనేశావనుకో, అది సమ్మర్ క్యాంప్ అవుతుంది.

ఇంకోటి, అక్కడ పైన ఇంకా రెండు డ్యాములు ఉండనే ఉన్నాయి. నది మొత్తం ఖాళీ అయిపోయిందని ఎక్కడా రాయొద్దు.

జవాబు: మునిగిన ఊరి ముసలోడు

అబ్బాయ్, డ్యాము తీసేసిన కథ మన దగ్గర చెప్పడం జాగ్రత్త. శ్రీశైలం నిండినప్పుడు మా ఊరు నీళ్ళ కిందికి పోయింది, 1981లో ఎద్దుల బండి మీద సామాను వేసుకుని వచ్చినవాణ్ణి నేను. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే జీవో 98 కింద ఉద్యోగం వస్తుందని మా అబ్బాయి ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి తల నెరిసిపోయాడు. అయినా ఆ డ్యాము నీళ్ళను మాకు వదిలే పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తకపోతే రాయలసీమ గొంతు ఎండుతుంది, కాబట్టి ఆ డ్యాము పోవాలని నేను అనను. మునిగిన ఊళ్ళ పేర్లు మాత్రం పిల్లలకు నేర్పండి. పుట్టిలో పోతున్నప్పుడు అడుగున ఏముందో తెలియాలి కదా. వేసవిలో నీళ్ళు దిగి సంగమేశ్వరుడి గుడి బయటపడినప్పుడు తీసుకొస్తే పాత గోడలు నేనే చూపిస్తా.

జవాబు: గేట్ల కింద పనిచేసినవాడు

పాపం ఉత్సాహంగా ఉన్నావు కానీ కోపం తెచ్చుకోకుండా విను. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు, ఈ పక్క ఊళ్ళలో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. బ్యాక్‌వాటర్, అంటే డ్యాము వెనక నిలిచిన నీళ్ళు, చెరువులా కనిపిస్తుందే గానీ 885 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్ళు దిగేటప్పుడు ఒడ్డంతా బురద, కాలు పెడితే మోకాలి దాకా. మొసళ్ళున్నాయి. పైగా పక్కనే పులుల అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా పిల్లల్ని దింపావంటే నిన్ను జైల్లో పెట్టినా నేను తప్పనను. ముందు ఏదైనా చిన్న చెరువులో ఈత నేర్పండి, లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కనివ్వొద్దు. పుట్టి తిన్నగా పోదు, తెడ్డు రాకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, అది నేర్పాల్సింది హైదరాబాద్ ట్రైనర్ కాదు, ఒడ్డున వల వేసేవాళ్ళు.

జవాబు: గూడెం నుంచి

నేను చెంచునే, డిగ్రీ అయ్యాక ఇప్పుడు అడవిలో వాచర్‌గా చేస్తున్నా. ఇంతమంది రాశారు, గూడెంలో అడిగావా అని ఒక్కరూ అనలేదు, అందుకే రాస్తున్నా. ఫోటోలు దిగి పోయేవాళ్ళను చాలామందిని చూశాం. మా తాత వెదురు తెప్ప కట్టుకుని అమ్రాబాద్ వైపు చుట్టాల ఇంటికి పోయేవాడు, ఇప్పుడు అదే చుట్టాలను చూడాలంటే రెండు బస్సులు మారాలి. నీళ్ళు మాకు కొత్త కాదు, దారి తెగిపోయింది అంతే. శ్రీశైలం మల్లన్న మా అల్లుడు అంటాం, ఆయన ఇంటి ముందే మమ్మల్ని టోకెన్ అడుగుతారు, అది వేరే కథ.

నాకు కావాల్సింది కయాక్ కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మాలాంటి తెగలకు మొత్తం ఆవాసం మీద హక్కు అడిగే వీలుంది. దానికి మా తేనె చెట్లు, దుంపలు తవ్వే చోట్లు, పాత పెంటలు (మా గూడేలు), రేవులు ఎక్కడున్నాయో గీయాలి. పిల్లలు పెద్దల వెంట నడిచి ఆ మ్యాప్ గీస్తారు, రేవు వచ్చినచోట పుట్టి ఎక్కుతారు. అట్లయితే నేనూ మా అక్కా ముందుంటాం. డబ్బు లెక్కలు మీరు చూడండి, ఎక్కడికి పోవాలో మేం చెప్తాం.

అడిగినవారు: ఆత్మకూరు పిల్లోడు

అన్నా, నిజమే, గూడెంలో అడగకుండా ఇక్కడ అడిగాను. ట్రైనర్‌కి ఇప్పుడే వద్దని చెప్పేశా. శివరాత్రి రద్దీ తగ్గాక నలుగురం వస్తాం, అక్కను కూడా ఉండమను. ముసలాయనా, మీరూ రావాలి, ఆటో మాది. అనుమతి కాగితం ఎవరికి పెట్టాలో గేట్ల అన్న మెసేజ్ చేస్తే మేలు. ఇంకోటి ముందే చెప్తున్నా, ఈత నాకూ రాదు.