కొత్త ఎం4 ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ చేతికొచ్చింది: మొదటి అభిప్రాయాలు, కొన్ని సందేహాలు

తూనీగ:

అందరికీ నమస్కారం. ఎయిర్‌సాఫ్ట్ (చిన్న ప్లాస్టిక్ గుళ్లు, అంటే బీబీలు కాల్చే తుపాకుల ఆట) ఇన్నాళ్లూ అద్దె రైఫిళ్లతోనే ఆడాను, ఇప్పుడు సొంతంగా ఒకటి తీసుకున్నాను. ఎం4 కార్బైన్ నమూనా, ఎలక్ట్రిక్, లోపల వెర్షన్ 2 గేర్‌బాక్స్ (మోటారుతో పిస్టన్‌ని నడిపే పళ్లచక్రాల పెట్టె), దాంతో పాటు ఒక హై-క్యాప్ (ఎక్కువ బీబీలు పట్టే) మ్యాగజైన్ వచ్చింది. చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసింది, బ్యాటరీతో కలిపి దాదాపు 3 కిలోలు ఉంటుంది, రిసీవర్ లోహం, హ్యాండ్‌గార్డ్, స్టాక్ మాత్రం పాలిమర్. అద్దెకిచ్చే ప్లాస్టిక్ రైఫిళ్లు పట్టుకుంటే కిర్రుకిర్రుమంటాయి కదా, ఇందులో ఆ చప్పుడు లేదు. సెలెక్టర్ సేఫ్ నుంచి సెమీకి (నొక్కిన ప్రతిసారీ ఒకటే), సెమీ నుంచి ఆటోకి (నొక్కినంతసేపు వరుసగా) మారుతుంటే స్పష్టంగా టక్ టక్ మని పడుతోంది. చార్జింగ్ హ్యాండిల్ వెనక్కి లాగితే డస్ట్ కవర్ తెరుచుకుని లోపల హాప్‌అప్ చక్రం (బీబీ ఎగిరే తీరుని సర్దేది) కనిపిస్తుంది, అది నాకు భలే నచ్చింది. కాకపోతే హ్యాండిల్ వదలగానే ఉత్తుత్తి బోల్ట్ ముందుకెళ్లిపోతుంది, కాబట్టి ఒక చేత్తో లాగి పట్టుకుని ఇంకో చేత్తో చక్రం తిప్పాలి.

నచ్చనివి కూడా చెబుతాను. బయటి బ్యారెల్‌ని పట్టుకుని కదిపితే కొంచెం ఊగుతోంది. స్టాక్ గొట్టంలో బ్యాటరీకి ఉన్న చోటు మరీ ఇరుకు, వైర్లు మడతపడకుండా మూత పెట్టాలంటే ఓపిక కావాలి. మ్యాగజైన్ కింద చక్రం తిప్పి స్ప్రింగ్‌కి కీ ఇవ్వాలి, నడుస్తుంటే లోపల బీబీలు గలగలలాడుతున్నాయి, దాక్కుని ఆడేవాళ్లకి అది ఇబ్బందే.

అసలు విషయం కాల్చినప్పటిది. పెట్టెలో 0.20 గ్రాముల బీబీల చిన్న ప్యాకెట్ ఉంది, దాంతోనే పరీక్షించాను. బీబీ 20 మీటర్ల దాకా చక్కగా వెళ్లి, ఆ తర్వాత పైకి లేచి ఆకాశంలోకి పోతోంది. కొన్ని ఎడమకి తిరుగుతున్నాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు సన్నగా ఈల లాంటి శబ్దం వస్తోంది, అది మామూలేనా? ఒకసారి సెమీలో కాలుస్తుండగా ట్రిగ్గర్ పూర్తిగా పనిచేయడం మానేసింది, ఆపి మళ్లీ మొదలుపెడితే సరైంది. ఇవి చూశాక గట్టి స్ప్రింగ్, లోపలి వ్యాసం 6.03 మిల్లీమీటర్లుండే బ్యారెల్, 11.1 వోల్టుల బ్యాటరీ వేసేస్తే దూరం, గురి రెండూ వస్తాయని ఒక స్నేహితుడు గట్టిగా చెబుతున్నాడు. మీరేమంటారు?

నీలిగద్ద:

అభినందనలు బ్రో. ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి, దేన్నీ విప్పాల్సిన పని లేదు. మీరు చెప్పిన లక్షణాల్లో సగం హాప్‌అప్ ఎక్కువైనందువల్ల, మిగతా సగం బీబీ తేలికైనందువల్ల.

హాప్‌అప్ అంటే చాంబర్‌లో ఒక రబ్బరు, దాని మీద చిన్న నొక్కు. బీబీ వెళ్లేటప్పుడు ఆ రబ్బరు దాని నెత్తి మీద రాసుకుని వెనక్కి తిరిగేలా చేస్తుంది. అలా వెనక్కి తిరుగుతూ వెళ్లే బంతిని గాలి పైకి ఎత్తుతుంది, మాగ్నస్ ప్రభావం అనేది ఇదే. ఆ ఎత్తే బలం, బీబీ బరువు సమానంగా ఉన్నంతసేపు అది గీత గీసినట్టు వెళుతుంది. చక్రం ఎక్కువ తిప్పితే, లేదా బీబీ మరీ తేలికైతే, ఎత్తే బలానిదే పైచేయి అవుతుంది, మీరు చూసినట్టు ఆకాశం పడుతుంది. 0.20 అనేది వేగం కొలవడానికి మంచి బరువు, ఆరుబయట ఆడటానికి కాదు. 0.25తో మొదలుపెట్టి 0.28కి వెళ్లండి. చిన్న గాలి వీచినా 0.20 దారి తప్పుతుంది, 0.28 అంత తొందరగా లొంగదు.

సర్దే పద్ధతి ఇదీ. చక్రాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి హాప్ లేకుండా చేయండి. సెమీలో ఒక్కొక్కటే కాల్చండి, బీబీ తొందరగా నేలకి దిగిపోతుంది. చక్రం కొంచెం తిప్పండి, నాలుగైదు కాల్చి చూడండి, మళ్లీ కొంచెం. దాదాపు చివరిదాకా సమంగా వెళ్లి, ఆఖర్న కొద్దిగా లేచినట్టు కనిపించి పడిపోతే అక్కడ ఆపేయండి. బరువు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇదంతా చేయాల్సిందే, అందుకే ఒక బరువు ఎంచుకుని దానికే కట్టుబడి ఉండటం మేలు.

ఎడమకి తిరగడం గురించి. కొత్త రైఫిల్ బ్యారెల్‌లో ఫ్యాక్టరీ నూనె, గ్రీజు ఉంటాయి, అవి రబ్బరుకి అంటుకుంటే ఒక్కో బీబీ ఒక్కోలా తిరుగుతుంది. క్లీనింగ్ రాడ్‌కి మెత్తటి పొడి నూలు గుడ్డ చుట్టి, హాప్ పూర్తిగా తీసేసి, బ్యారెల్ మూతి వైపు నుంచి నెమ్మదిగా తిప్పుతూ తుడవండి. గుడ్డ మొదటిసారి నల్లగా వస్తుంది, తెల్లగా వచ్చేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి. దయచేసి అందులోకి సిలికాన్ స్ప్రే కొట్టకండి, చాలామంది మంచిదనుకుని కొడతారు, రబ్బరు జారిపోయి హాప్ అసలు పట్టదు. కొత్త రబ్బరు సర్దుకోవడానికి కూడా కొన్ని వందల బీబీలు పడతాయి. అప్పటికీ ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంటే, రబ్బరు చాంబర్‌లో కొంచెం పక్కకి తిరిగి కూర్చుందని అర్థం. అప్పుడు విప్పుదాం.

పాతమోటారు:

హాప్ సంగతి నీలిగద్ద గారు చెప్పేశారు, నేను కరెంటు వైపు చెబుతాను.

11.1 వద్దు తమ్ముడూ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గేర్‌బాక్స్ అది పెట్టగానే భలే చురుగ్గా ఉంటుంది, అక్కడే మోసపోతాం. మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ రేకుల బదులు మోటారు కరెంటుని మోసే ఎలక్ట్రానిక్ స్విచ్) లేని రైఫిల్‌లో బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్లే కరెంటంతా ట్రిగ్గర్ దగ్గరున్న చిన్న రాగి రేకుల మీదుగానే పోతుంది. నొక్కి వదిలిన ప్రతిసారీ అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, వోల్టేజీ పెరిగితే ఆ రవ్వా పెరుగుతుంది, రేకులు నల్లబడి చివరికి ట్రిగ్గర్ పట్టదు. ఇంకోవైపు పిస్టన్ ముందుకి పూర్తిగా వెళ్లేలోపే గేరు మళ్లీ వచ్చి పట్టుకుంటుంది, పళ్లు అరిగిపోతాయి. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టుకోండి, చాలు. మాస్‌ఫెట్ వేయించాక 11.1 గురించి మాట్లాడుకుందాం.

లైపోతో జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, 3 కంటే కిందికి వెళ్తే ఆ సెల్ పాడైనట్టే. బ్యాలెన్స్ చార్జర్‌తోనే (సెల్‌లన్నిటినీ సమానంగా నింపేది), మీరు దగ్గరుండి చూసుకుంటూ చార్జ్ చేయండి. ఆట అయిపోగానే బ్యాటరీ తీసేయండి, రైఫిల్‌లోనే వదిలేస్తే మెల్లగా దిగిపోతుంది. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడదాం అని అస్సలు అనుకోకండి. మీ స్టాక్ గొట్టం ఇరుకు అన్నారు కదా, వైర్లు బలవంతంగా నొక్కి మూత పెడితే పైతొడుగు కోసుకుపోతుంది, అక్కడ షార్ట్ అయితే లైపో అంటుకుంటుంది. సన్నగా పొడవుగా ఉండే రకం దొరుకుతుంది, అది తీసుకోండి.

ఈల శబ్దం చాలా వరకు మోటారు ఎత్తు వల్ల. గ్రిప్ అడుగున ఒక చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది, అది మోటారుని పైకీ కిందికీ జరుపుతుంది. మోటారు పళ్లచక్రం, లోపలి బెవెల్ గేరు మరీ ఒత్తుకున్నా, మరీ దూరమైనా శబ్దం వస్తుంది. పావు చుట్టు తిప్పి, సెమీలో రెండు మూడు కాల్చి వినండి. శబ్దం తగ్గేవైపు వెళ్తూ, ఎక్కువ మెత్తగా వినిపించే చోట ఆపండి. గ్రిప్ వేడెక్కుతుంటే మరీ బిగిసిందని అర్థం. ఇది ఎంత తిప్పినా పోకపోతే లోపల గేర్ల షిమ్మింగ్ (సన్నటి వాషర్లతో గేర్ల మధ్య సందు సర్దడం) చూడాలి, అది కొత్తవాళ్లు చేసే పని కాదు.

సెమీలో ట్రిగ్గర్ ఆగిపోయిందన్నారు. గేరు తన చుట్టు పూర్తి చేయకుండా మధ్యలో ఆగిపోతే కట్-ఆఫ్ లివర్ (సెమీలో ఒక్క బీబీ తర్వాత కరెంటు ఆపేది) ట్రిగ్గర్‌ని వదలదు. బ్యాటరీ తగ్గినప్పుడు, లేదా ట్రిగ్గర్ సగం నొక్కి వదిలినప్పుడు ఇలా అవుతుంది. రైఫిల్ మూతి సురక్షితమైన వైపు పెట్టి, ఆటోకి మార్చి ఒక్క క్షణం నొక్కండి, విడిపోతుంది. ఫుల్ చార్జ్ బ్యాటరీతో కూడా మాటిమాటికీ వస్తుంటే అప్పుడు కంగారు పడాలి.

తూనీగ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. బ్యారెల్ తుడిచాను, మొదటి గుడ్డ నిజంగానే నల్లగా వచ్చింది. 0.28 వేసి హాప్ సున్నా నుంచి మొదలుపెట్టాను, అసలు ఇది అదే రైఫిలా అనిపించింది. 40 మీటర్ల దగ్గర నిలబెట్టిన అట్టపెట్టెకి వరుసగా తగులుతున్నాయి. ఎడమకి తిరగడం చాలా వరకు తగ్గింది. గ్రిప్ స్క్రూ పావు చుట్టు వదులు చేస్తే ఈల కూడా తగ్గింది. ఇక స్ప్రింగ్ ఒక్కటే మిగిలింది, వేగం పెంచితే ఇంకా దూరం వెళ్తుంది కదా?

సెమీఓన్లీ:

వెళ్తుంది, కానీ మీరనుకున్నంత కాదు, దానికి ఇచ్చుకునే మూల్యం ఎక్కువ. దూరాన్ని నిలబెట్టేది హాప్. జపాన్‌లో ఎయిర్‌సాఫ్ట్ శక్తికి చట్టపరమైన హద్దు 1 జౌల్ లోపే. 1991లో మొదటి ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ తెచ్చిన టోక్యో మరుయి కంపెనీ ఇప్పటికీ ఆ హద్దులోనే తయారుచేస్తుంది. ఆ రైఫిళ్లని పెట్టెలోంచి తీసి నేరుగా మైదానంలోకి తెచ్చినవాళ్లు, 400 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అన్ని అడుగుల వేగం) రైఫిళ్లున్నవాళ్లతో సమానంగా ఆడటం నేను కళ్లారా చూశాను. తేడా అంతా చాంబర్, రబ్బరు నాణ్యతలో ఉంది.

ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూడకండి, జౌల్ చూడండి. 0.20తో 350 ఎఫ్‌పీఎస్ అంటే దాదాపు 1.14 జౌల్. అదే శక్తితో 0.28 వేస్తే వేగం 300 కంటే కొంచెం తక్కువకి దిగుతుంది, అంటే మెషీన్ మీద అంకె తగ్గినంత మాత్రాన దెబ్బ తగ్గినట్టు కాదు. అందుకే క్రోనో (వేగం కొలిచే మెషీన్) దగ్గర ఏ బరువుతో కొలుస్తున్నారో ముందు అడగాలి. మీ మైదానం హద్దు ఎంతో తెలుసుకోకుండా స్ప్రింగ్ మార్చితే గేటు దగ్గరే ఆపేస్తారు, లేదా దగ్గరి దూరంలో కాల్చకూడదని షరతు పెడతారు. పైగా వెర్షన్ 2 గేర్‌బాక్స్‌కి ముందు భాగం, అంటే పిస్టన్ వచ్చి సిలిండర్ హెడ్‌ని కొట్టే చోటు, బలహీనం. గట్టి స్ప్రింగ్ వేసిన కొద్దీ పగిలేది అక్కడే.

రైఫిల్ మీద పెట్టాలనుకున్న డబ్బు ముందు కళ్లద్దాల మీద పెట్టండి, ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను. మామూలు కూలింగ్ గ్లాసులు పనికిరావు. ఏఎన్‌ఎస్‌ఐ జడ్87.1 గానీ ఈఎన్ 166 గానీ (ఇవి కళ్లద్దాల భద్రతా ప్రమాణాలు) ఉన్నవి, ముఖానికి చుట్టూ అంటుకుని ఉండేవి తీసుకోండి. నోటికి మెష్ మాస్క్ పెట్టుకోండి, పళ్లు విరిగినవాళ్లున్నారు. ఇంట్లో పరీక్షించేటప్పుడు కూడా అద్దాలు తీయకండి, గట్టి గోడకి తగిలిన బీబీ అదే దారిలో వెనక్కొస్తుంది. మ్యాగజైన్ తీసేసినా చాంబర్‌లో ఒకటో రెండో బీబీలు మిగిలి ఉంటాయి, మ్యాగజైన్ లేకుండా సురక్షితమైన వైపు రెండు మూడుసార్లు కాల్చాకే ఖాళీ అయిందనుకోవాలి. ఇంకోటి, బయటికి తీసుకెళ్లేటప్పుడు మూసిన బ్యాగులోనే. దూరం నుంచి చూసేవాళ్లకి ఇది అసలు తుపాకీయే.

నీలిగద్ద:

సెమీఓన్లీ గారితో ఏకీభవిస్తున్నాను. బ్యారెల్ గురించి ఒక మాట. ఫ్యాక్టరీ బ్యారెల్ లోపలి వ్యాసం చాలావాటిలో 6.08 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, బీబీ 5.95. 6.03 వేస్తే గాలి కొంచెం తక్కువ వృథా అవుతుంది నిజమే, కానీ దుమ్ము, నాసిరకం బీబీల విషయంలో అది అస్సలు ఓర్చుకోదు, అతుకు గీత ఉన్న బీబీ ఇరుక్కుంటే తీయడం నరకం. మార్చాలనే ఉంటే ముందు మంచి రబ్బరు మార్చండి, ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

పాతమోటారు:

బయటి బ్యారెల్ ఊగుతోందన్నారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. మీ మోడల్‌ని బట్టి రెండు రకాలుంటాయి. కొన్నింటిలో రిసీవర్ ముందు, బ్యారెల్ కింద చిన్న గ్రబ్ స్క్రూ ఉంటుంది, హ్యాండ్‌గార్డ్ తీస్తే కనిపిస్తుంది, దాన్ని బిగిస్తే సరి. స్క్రూ లేకపోతే బ్యారెల్ నట్ వదులైందన్నమాట, దానికి రెంచ్ కావాలి. హ్యాండ్‌గార్డ్ తీసి ఒక ఫోటో పెట్టండి, ఏ రకమో చూసి చెబుతాను. అప్పటిదాకా మాత్రం బ్యారెల్ పట్టుకుని రైఫిల్ ఎత్తకండి.

తూనీగ:

గ్రబ్ స్క్రూ ఉంది అన్నా, వేలితో తిప్పితేనే తిరుగుతోంది. బిగించాను, ఊగడం ఆగిపోయింది. స్ప్రింగ్, బ్యారెల్ ఆలోచన మానేశాను, ఆ డబ్బుతో కళ్లద్దాలు, మాస్క్, గలగలమనని మిడ్-క్యాప్ (కొంచెం తక్కువ బీబీలు పట్టే) మ్యాగజైన్లు రెండు తీసుకుంటాను. 7.4లో సన్నటి రకం ఏ కొలతలు చూడాలో పాతమోటారు గారు చెబితే బ్యాటరీ కూడా దాంతో పాటే ఆర్డర్ పెట్టేస్తాను.

పాతమోటారు:

నేను చెప్పే కొలత మీ గొట్టానికి పట్టాలని లేదు. ఇప్పుడున్న బ్యాటరీ తీసి, గొట్టం లోపలి వెడల్పు, లోతు స్కేలుతో కొలవండి, కనెక్టర్‌కి, వైర్లకి ఇంకో రెండు వేళ్లంత చోటు వదలండి. కనెక్టర్ (బ్యాటరీ ప్లగ్) చిన్న టామియా రకమా, డీన్స్ రకమా అన్నది కూడా చూసి రాయండి, అది కలవకపోతే బ్యాటరీ వచ్చి కూడా ఊరికే కూర్చోవాలి.