శరణార్థి గుర్తింపు కార్డు ఉన్నావిడకు రొమ్ము క్యాన్సర్: చెన్నైలో బీమా కార్డు ఎలా?

మా పక్కింటి అక్కకు 43 ఏళ్లు. శ్రీలంక తమిళ శరణార్థి. పేరు తమిళనాడులోని గుమ్మిడిపూండి శరణార్థి క్యాంపులో నమోదై ఉంది. భర్త రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, అందుకే ఇద్దరూ నెల్లూరులో ఉంటున్నారు.

సంక్రాంతి అప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదని ఊరుకుంది. పోయిన నెల మామోగ్రామ్‌లో బైరాడ్స్ 5 (అంటే క్యాన్సర్ అనుమానం చాలా ఎక్కువ) వచ్చింది. గడ్డ 3.2 సెంటీమీటర్లు, బయాప్సీలో క్యాన్సరే అని తేలింది. హార్మోన్ పరీక్షలు ఈఆర్, పీఆర్ నెగటివ్, హెర్2 అనే ప్రొటీన్ పాజిటివ్ (3+). ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి, మొత్తం ఏడాది పాటట. చేతి డబ్బుతో అయ్యే పని కాదు.

ఇక్కడి ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద అడిగితే రైస్ కార్డు కావాలన్నారు. సచివాలయానికి వెళ్తే భారత పౌరసత్వం లేకుండా ఆ కార్డు రాదన్నారు. క్యాంపుల్లో ఉండేవాళ్లకు తమిళనాడు ముఖ్యమంత్రి బీమా వర్తిస్తుందని విన్నాం, కానీ ఆమె ఆ కార్డు ఎప్పుడూ తీసుకోలేదు. పైగా ఇన్నాళ్లు క్యాంపులో లేనందుకు పేరు కొట్టేస్తారేమోనని ఆమెకు ఒకటే టెన్షన్. ఫోన్ చేస్తే ఒకరు తాలూకా ఆఫీసు అంటారు, ఇంకొకరు కలెక్టరేట్ అంటారు. (పసరు వైద్యం సలహాలు మాత్రం దయచేసి వద్దు, ఇప్పటికే చాలా విన్నాం.)

క్యాంపు బయట ఉంటూ ఆ బీమా కార్డు తీసుకుని చెన్నైలో క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కార్డు కోసం మేం మొదట ఏ ఆఫీసుకు, ఏ కాగితాలతో వెళ్లాలో చెప్పగలరా?