ఫ్లోరైడ్ బోరుకు ఆర్‌ఓ ప్లాంటా, పటిక బకెట్టా? లెక్కలతో చెప్పుండ్రి

రాజురా రోడ్:
మా ఊరు చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాల, ఆసిఫాబాద్ సరిహద్దుకు దగ్గర. తాగనీకి రెండు బోర్లే దిక్కు. రిపోర్టు వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షారగుణం, 400, టీడీఎస్, అంటే నీళ్లల కరిగిన ఉప్పుల మొత్తం, 900. పంచాయతీల సగం మంది ఆర్‌ఓ ప్లాంటు, అంటే సన్నటి పొరల నుంచి నీళ్లను ఒత్తి వడగట్టేది, పెట్టుదమంటున్నరు. మిగిలినోళ్లు నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ చెప్పిన పటిక పద్ధతి, అదే నల్గొండ టెక్నిక్, ఇంటింటికి నేర్పిస్తే చాలంటున్నరు. నా మాట ముందే చెప్త. 1970లల్ల పక్కనున్న నాగ్‌పూర్‌ల తేల్చిన పద్ధతి ఇన్నేండ్లకు గూడ మా ఊరి పొయ్యికాడికి రాలేదు. గసుంటి పరిశోధనతోని మాకు ఏం ఒరిగింది? తెలిసినోళ్లు చెప్పుండ్రి, వచ్చే గ్రామసభల మాట్లాడాలె.

ల్యాబ్ గది:
రాలేదని పద్ధతిని తప్పు పట్టొద్దు. మీ నీటికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఫ్లోరైడ్ 3, ఆల్కలినిటీ 400 ఉన్న నీటికి పటిక మోతాదు లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములు. అంటే 20 లీటర్ల బకెట్‌కు 8 గ్రాములు. ఇంట్లో గ్రాముల తక్కెడ ఉండదు కాబట్టి 100 గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోవాలి, బకెట్‌కు అందులోంచి 80 మిల్లీలీటర్లు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, 0.4 గ్రాము. లీటరుకు 5 గ్రాముల సున్నం కలిపిన నీళ్లు చేసుకుంటే అదీ 80 మిల్లీలీటర్లే, పోసే ముందు సీసా బాగా ఊపాలి, అడుగున దిగి ఉంటుంది. ముందు ఒక నిమిషం గట్టిగా తిప్పి, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. మేఘాల్లా తెల్లటి ముద్దలు కడతాయి. గంట కదపకుండా ఉంచి, అడుక్కు 5 సెంటీమీటర్లు పైన బిగించిన నల్లా నుంచి తేట పట్టుకోవాలి. రోజుకు రెండు బకెట్లంటే నెలకు అర కిలో పటిక. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు.

పాడయ్యేది ఎక్కడంటే, సున్నం ఎక్కువ వేసేవాళ్ల దగ్గర. పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార కొలత, 7.5 దాటితే ఫ్లోరైడ్ ముద్దకు సరిగ్గా పట్టుకోదు, నీళ్లలోనే మిగిలిపోతుంది.

మెంబ్రేన్:
ల్యాబ్ గది సార్ సగమే చెప్పిండు. 400 మిల్లీగ్రాముల పటిక వేస్తే నీళ్లలకు దాదాపు 180 మిల్లీగ్రాముల సల్ఫేట్ చేరుతది. బోరుల అప్పటికే ఉన్నది కలిస్తే 200 హద్దు దాటుడే. పీహెచ్ అటుఇటైతే పటికల ఉన్న అల్యూమినియం నీళ్లల మిగులుతది, దాని సడలించిన హద్దు గూడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములే. ఆ నీళ్లను మామూలు రంగు కిట్‌తోని పరీక్ష చేస్తే మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను దాస్తది, రీడింగ్ తక్కువ చూపుతది. బాగైందనుకొని తాగుతరు.

ఆర్‌ఓల గీ తంటా లేదు. 1960 దగ్గర్ల లోబ్, సౌరిరాజన్ అమెరికాల ఉప్పునీళ్లను తీపి చేయనీకి పొర తయారుచేసిండ్రు. తర్వాత పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్ పల్చటి పొర వచ్చింది, ఇయ్యాల మన ఊర్లల్ల తిరిగేది అదే. మంచి స్థితిల ఉన్న పొర ఫ్లోరైడ్‌ను తొంభై శాతం ఆపుతది. 3.2 పోయి 0.3 అయితది. రాజురా అన్నా, పరిశోధన పొయ్యికాడికి రాలేదంటివి, డబ్బా నీళ్లు దేనితోని వస్తున్నయి మరి?

గడ్‌చాందూర్:
నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదా?

ల్యాబ్ గది:
పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది, లీటరుకు లెక్కేస్తే పెరుగుతుంది.

మెంబ్రేన్‌ గారు 0.3 అన్నారు. ఆ 0.3 నీళ్లు ఎవరైనా తాగుతున్నారా? టీడీఎస్ 50 ఉన్న నీళ్లు చప్పగా ఉన్నాయని జనం అంటారు. ఆపరేటర్ బైపాస్ వాల్వ్ తిప్పి పచ్చి బోరు నీళ్లు కలుపుతాడు, టీడీఎస్ 300 వచ్చేదాకా. లెక్క వేయండి. 50కి 900 కలిపి 300 చేయాలంటే వందలో 29 పాళ్లు బోరు నీళ్లే. అప్పుడు ఫ్లోరైడ్ 1.15. భారత ప్రమాణంలో కోరదగిన హద్దు 1.0. కోట్లు పెట్టి పొర తయారుచేసింది దాన్ని దాటించి నీళ్లు పంపడానికా?

మెంబ్రేన్:
1.5 దాక చెల్లుతది. అదే ప్రమాణంల రాసుంది.

ల్యాబ్ గది:
వేరే నీటి వనరు లేనప్పుడే 1.5. మీరు పక్కనే 0.3 నీళ్లు తయారుచేసి, రుచి కోసం చేతులారా 1.15 చేస్తున్నారు. ఆ మినహాయింపు మీకు వర్తించదు.

మెంబ్రేన్:
1.15కు పండ్లు పసుపురంగైతయా? బొక్కలు వంగుతయా? 3.2 తాగేటోనికి 1.15 అమృతం. మీరు కాగితం చూసి కొట్లాడుతున్నరు.

ల్యాబ్ గది:
మన ఎండలకు మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగుతాడు. హద్దు లీటరుకు, ఒంట్లోకి పోయేది మొత్తానికి. 1.15ను నాలుగుతో గుణించండి.

ప్రాణహిత ఒడ్డు:
బోరు నీళ్లను కడుగుడు ఎందుకు? వార్ధా నది ఉంది, ప్రాణహిత ఉంది. నది నీళ్లల్ల ఫ్లోరైడ్ తక్కువ. నల్గొండ పేరు పెట్టుకున్న టెక్నిక్ నల్గొండకే ఆఖరి దారి కాలేదు, కృష్ణా నీళ్లు తెచ్చిండ్రు. మనం గూడ పైపు అడగాలె.

రాజురా రోడ్:
అడుగుతున్నం. పైపు వచ్చేదాక పిల్లలు ఏం తాగాలె? పైపు వచ్చినంక గూడ ఎండకాలం నీళ్లు సరిపోక అదే ట్యాంకుల బోరు నీళ్లు కలుపుతరు.

గడ్‌చాందూర్:
చింతపండుతో తగ్గుతదని హైదరాబాద్ పోషకాహార సంస్థవాళ్లు చెప్పిండ్రట గదా?

ల్యాబ్ గది:
2002లో వచ్చిన అధ్యయనం. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెడితే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయింది. పులుసు తినండి, మంచిదే. అది నీళ్లకు బదులు కాదు.

బిందె:
పొద్దటి నుంచి చదువుతున్న. 1.15 మీద ఇంత లొల్లి పెట్టిండ్రు, అన్నం కుండ ఎవరికి యాదికి రాలేదు.

తాగనీకి, వండనీకి కలిపి మనిషికి 8 నుంచి 10 లీటర్లు కావాలె. అయిదుగురున్న ఇంటికి 40 తక్కువ కాదు. ప్లాంటు నుంచి వచ్చేది 20 లీటర్ల డబ్బా ఒకటి. అది తాగుడుకే సరి. పప్పు, అన్నం, చాయ్ అన్నీ బోరు నీళ్లతోనే. కిలో బియ్యానికి రెండున్నర లీటర్లు పోసి ఎసరు ఇగిరిపోయేదాక వండితే 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మొత్తం అన్నంల కూసుంటది. గంజి వంపితే కొంత పోతది, కుక్కర్ వచ్చినంక గంజి వంపేదెవరు? తాగే నీళ్లు 0.3 చేసినా, 1.15 చేసినా, కంచంల 3.2 ఉన్నంక ఏం లాభం?

మెంబ్రేన్:
అక్కా, గది నిజమే. రెండు డబ్బాలు తీసుకోమనుండ్రి.

ల్యాబ్ గది:
అందుకే పటిక అంటున్నా. ఇంట్లోనే రెండు బకెట్లు చేసుకుంటే వంటకూ సరిపోతుంది. రోజుకు పది నిమిషాలు కలపడం కూడా బరువేనా? నేను రాసిచ్చిన మోతాదు పట్టిక ఎన్ని ఊళ్లలో గోడకు అంటించారు? ఒక్క చోటా చూడలేదు. నేర్చుకోవాలన్న ఆసక్తే లేదు.

బిందె:
ఎవరికి ఆసక్తి లేదు? ఆ బకెట్ కలిపేది ఎవరు సార్? ఒక్క బకెట్‌కు 11 నిమిషాలు తిప్పాలె. రెండింటికి 22. బోరు కాడ లైను వేరే. గంట తేర్చాలె, ఆ గంటల పిల్లలు ముట్టకుండ చూడాలె. అడుగున మిగిలిన తెల్ల బురద ఎక్కడ పోయాలె? ఫ్లోరైడ్‌ను 3.2 నుంచి 1కి దించితే బకెట్‌కు 44 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఆ బురదల్నే ఉంటది. బాయి పక్కన పోయొద్దు, గొడ్ల కుడితిల పోయొద్దు. ఇదంత పొద్దుగాల పత్తి చేనుకు పోయే ఆడమనిషి ఏడాదికి 365 రోజులు చేయాలె. మీ పట్టికల పటిక గ్రాములున్నయి, సున్నం గ్రాములున్నయి. ఆమె గంటలు ఏ గడిల రాసిండ్రు?

గడ్‌చాందూర్:
గిదీ మాట.

ల్యాబ్ గది:
ఆ గడి లేదు. ఒప్పుకుంటున్నా. పది నిమిషాల మాట వెనక్కి తీసుకుంటున్నా.

నాకు ఆర్‌ఓ మీద ఎందుకింత కోపమో కూడా చెప్తాను. పటిక పద్ధతిలో ప్రతి ఇంటికీ ఫ్లోరైడ్ అంకె తెలియాలి, తెలియకపోతే మోతాదు వేయలేరు. ప్లాంటు వచ్చాక ఊళ్లో ఆ అంకె ఎవరూ అడగరు. గోడ మీద టీడీఎస్ మీటర్ మాత్రం వెలుగుతుంది. ఆ మీటర్ కొలిచేది నీటి విద్యుద్వాహకత. దానికి ఫ్లోరైడ్ వేరు, ఉప్పు వేరు అని తెలియదు. పొర పాతబడి ఫ్లోరైడ్ జారుతున్నా మీటర్ 200 చూపిస్తే జనం నమ్మేస్తారు. నా భయం అదీ.

మెంబ్రేన్:
ఆ భయం నాకూ ఉంది సార్. పొరకు ముందు మురికి ఆపే 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ నల్లబడినా మార్చరు, పొర మీద సున్నం పేరుకోకుండ పోసే మందు కొనరు. రెండు మూడేండ్లల్ల పొర పోతది. అప్పుడు మెకానిక్‌నే తిడుతరు. ఒక ప్లాంటుకు నేను చేసిన రిపేరు పైసలు ఇప్పటికి రాలేదు. ప్లాంటు కొనేకాడ ఫోటోలు దిగేటోళ్లు ఫిల్టర్ కొనేకాడ కనబడరు.

బైపాస్ సంగతి మీ మాటే ఖాయం. వాల్వ్ పెట్టకున్నా ప్లాంటు నడుస్తది. చప్పగుంటే నాలుగు రోజులు చప్పగ తాగుతరు, అలవాటైతది.

రాజురా రోడ్:
ఇప్పుడు దారి కనబడుతున్నది. సభల గివి పెడుత. బైపాస్ పైపు లేకుండ ప్లాంటు. నెలకొకసారి ఫ్లోరైడ్ పరీక్ష, రంగు కిట్‌తోని కాదు, ఫ్లోరైడ్‌ను నేరుగ కొలిచే ఎలక్ట్రోడ్‌తోని, అంకె డబ్బా నింపే నల్లా పైన పెద్దక్షరాలతోని రాయాలె. ఇంటికి రెండు డబ్బాలు, ఒకటి వంటకే. మెంబ్రేన్ అన్నా, వదిలే నీళ్ల సంగతి చెప్పలేదు.

మెంబ్రేన్:
వంద లీటర్లు లోపలికి పోతే 40 మంచినీళ్లు, 60 బయటికి అని లెక్కేసుకో. వెయ్యి లీటర్ల మంచినీళ్లకు 1500 లీటర్ల వదులు. దాంట్ల ఫ్లోరైడ్ 5 దాటుతది. బోరు పక్కన ఇంకుడు గుంతల పోస్తే మళ్ల అదే బోరుకు వస్తది. గొడ్ల తొట్టిల పోయొద్దు. పాయఖానకు, బండ్లు కడుగనీకి, సిమెంటు పనికి వాడొచ్చు. ట్యాంకు వేరే కట్టాలె, దాని ఖర్చు ఇప్పుడే ఎస్టిమేట్‌ల కలుపుండ్రి.

ల్యాబ్ గది:
కరెంటు పోయిన రోజులకు ఇంటికొక పటిక సీసా కూడా పెట్టండి. అది వదులుకోను.

ప్రాణహిత ఒడ్డు:
పైపు దరఖాస్తు గూడ అదే తీర్మానంల పెట్టుండ్రి, మళ్ల మరిచిపోతరు.

బిందె:
అన్నీ మంచిగున్నయి. రెండో డబ్బా పైసలు ఎవరిస్తరు? ఇంట్ల ఒక్క డబ్బాకే కొనేటోళ్లు వంట డబ్బా కొనరు, బోరు నీళ్లే ఎసరు పెడుతరు. వంట డబ్బా పంచాయతీ పైసలతోనని తీర్మానంల రాయుండ్రి రాజురా అన్నా. రాస్తే మా గల్లీ ఆడోళ్లందరం వచ్చి సంతకం పెడుతం.